అర టిక్కెట్టు వయసు

పోయిన వారం పత్రికలో ఆమె మరణవార్త చూశాను. పేరు తప్పులేకుండా వేశారు. హోదా కూడా సరిగ్గానే ఉంది. పేరు పక్కన వయసు వేశారు. ఆ అంకెను మాత్రం నేను నమ్మలేదు.

ఉద్యోగకాలమంతా విశ్వవిద్యాలయంలో గణాంకాల మధ్య గడిపినవాణ్ణి. తేదీ లేని మాటను వదంతి కింద జమ కట్టడం నా అలవాటు. అటువంటి నేను అచ్చులో పడిన అంకెను శంకించానంటే అందుకు కారణం ఆమే. ఆమె తమ్ముడికి ఫోను చేసి, చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పి, ఆ అంకె ఎక్కడిదని అడిగాను.

"అక్కయ్య వయసు మాలో ఎవరికీ తెలియదండీ," అన్నాడాయన. "అడిగితే మండిపడేది. సర్టిఫికెట్టు చూసి వేయించాం."

"సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ ఏముంది?"

"జూలై ఒకటి."

సంతాపం చెప్పడానికి ఫోను చేసినవాడు నవ్వకూడదు. దగ్గు వచ్చినట్లు సర్దుకొని ఫోను పెట్టేశాను.

ఈ నవ్వుకు కారణం చెప్పాలి. మా మిరప, పత్తి పొలాల ఊళ్ళలో మా తరం పిల్లలు పుట్టిన తేదీతో బడికి వెళ్ళలేదు. తల్లి చెయ్యి పట్టుకొని వెళ్ళారు. మాష్టారు పిల్లవాడి కుడిచేతిని తల మీదుగా వంచి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే బడి ఈడు వచ్చినట్లు. ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగితే, మిరప నారు పోసేటప్పుడనో, పెద్ద కోడలు కాపురానికి వచ్చిన ఏడాదనో తల్లి చెప్పేది. అంత సంగతి రిజిస్టరు గడిలో పట్టదు కనుక మాష్టారు జూలై ఒకటి అని వేసి, పిల్లవాణ్ణి లోపలికి పంపేవారు. నా పుట్టుక కూడా ఆ విధంగానే నిశ్చయమైంది.

ఆమెను నేను మొదట కలుసుకున్నది కూడా ఈ తేదీ మీదనే. ఎనభైల చివర మా విశ్వవిద్యాలయంలోని న్యాయశాస్త్ర విభాగంవారు బాలల హక్కుల రక్షణకు ఒక కేంద్రం పెట్టారు. పెట్టడమంటే, పాత జవాబు పత్రాలు దాచే గదిని ఖాళీ చేయించి, గది కన్నా పొడవైన బోర్డు తగిలించడం. ఆ కేంద్రానికి ఆమె అధిపతి. వారు సేకరించే సమాచారాన్ని పట్టికలుగా కట్టడానికి నన్ను పంపారు. నేను నమస్కారం పెట్టాను. ఆమె ప్రతినమస్కారం పెట్టకుండా అడిగింది:

"మాష్టారూ, మీరెప్పుడు పుట్టారు?"

"జూలై ఒకటి."

"మీరూనా? ఈ యూనివర్సిటీలో ఎవర్ని కదిలించినా అదే రోజండీ. ఆ రోజు జిల్లాలో మంత్రసానులు అన్నం తిని ఉండరు."

"రికార్డులో అలాగే ఉందండీ."

"రికార్డు సంగతి కాదు. మీరెప్పుడు పుట్టారు?"

వానలో పుట్టానని మా అమ్మ అనేది. అది తేదీ కాదు కనుక చెప్పలేదు. తరువాత ఎప్పుడో ఆమె పుట్టిన తేదీ అడిగితే, "రికార్డు చూసుకోండి, అందులో నేను చాలా పద్ధతిగా పుట్టాను," అని ఊరుకుంది.

ఆమెతో పనిచేసిన కాలపు తేదీలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇక్కడ వేయడం లేదు. వేసి చూశాను. తేదీ వచ్చిన చోటల్లా ఆమె లేచి వెళ్ళిపోతోంది.

ఆమెకు గడియారం లేదు. ఎవరినైనా టైము అడిగేది, చెప్పిన తరువాత "అంతేనంటారా?" అనేది. పెద్ద నల్ల గొడుగు ఒకటి వానకు, ఎండకు తప్ప అన్నిటికీ వాడేది. దానితో బస్సు ఆపేది, నల్లబల్ల మీద చట్టంలోని సెక్షన్లు చూపేది, మాట్లాడే విద్యార్థిని కూర్చోబెట్టేది. ఊళ్ళకు వెళ్ళేటప్పుడు సంచి నిండా ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చి బస్సులో అందరికీ పంచి, తొక్కలు మాత్రం తన సంచిలోనే వేయించుకొనేది. ఇవి కాక ఆమెకు ఒకే ఒక్క హాస్యోక్తి ఉండేది. పనిచేసే పిల్లలు ఎక్కడ కనబడినా అదే చెప్పేది.

"బళ్ళో మాష్టారు మిరపకాయని అడిగాడంట, ఎందుకే అందర్నీ ఏడిపిస్తావని. 'మరి నా టోపీ పీకిందెవరండీ?' అందంట."

వినగా వినగా నాకు విసుగు పుట్టింది. పిల్లలు మాత్రం, ముఖ్యంగా రోజంతా మిరపకాయల తొడిమలు తీసే పిల్లలు, విరగబడి నవ్వేవారు. వాళ్ళు నవ్వుతున్నంత సేపూ ఆమె కళ్ళు చిట్లించి వాళ్ళ నోళ్ళలోకి చూసేది. తరువాత నా వైపు వంగి, "పన్నెండేళ్ళకు రావలసిన దంతం ఇంకా రాలేదు," అనేది. ఆ హాస్యోక్తి ఉన్నది అందుకని అప్పటికి గాని నాకు తెలియలేదు.

గుంటూరుకు సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే దారిలో ఒక కారం మిల్లు ఉండేది. దాని పేరు నాకు గుర్తున్నా ఇక్కడ అవసరం లేదు. కరెంటుతో నడిచే మిల్లు కనుక ఫ్యాక్టరీల చట్టం వర్తిస్తుంది, పద్నాలుగేళ్ళు నిండనివాళ్ళను పెట్టుకోకూడదు. కాని వెనక షెడ్డులో మిరపకాయల గుట్టల చుట్టూ ఆడపిల్లలు కూర్చొని తొడిమలు తీస్తూ ఉండేవారు. గాలిలో ఘాటు ఎంత ఉండేదంటే, లోపలికి వెళ్ళిన నేను మొదటి వాక్యం పూర్తి చేయలేకపోయాను. పిల్లలు పని ఆపినప్పుడల్లా గుమ్మం పక్కన పెట్టిన మజ్జిగ కుండలో చేతులు ముంచుకొనేవారు. వారిలో నాగమణి అనే పిల్ల మూడో తరగతి దాకా చదివి మానేసింది. మా మేడమ్ చెప్పిన హాస్యోక్తికి నవ్వి, నవ్వుతో దగ్గు అందుకొని, దగ్గు తగ్గిన తరువాత మళ్ళీ నవ్వింది.

"ఈ పిల్లకు పదకొండు," అంది మా మేడమ్ బయటికి వచ్చి. "ఈ జూన్‌లో బడిలో పడకపోతే ఇక బడి మొహం చూడదు మాష్టారూ. వచ్చే ఏడాదికి మిల్లు వదలదు, ఆపైన పెళ్ళి వదలదు."

కేంద్రం ఫిర్యాదు చేసింది. లేబరు ఆఫీసులో విచారణ పెట్టారు. మిల్లు యజమాని చాలా మర్యాదస్థుడు. మాకు కుర్చీలు తనే జరిపాడు.

"మేడమ్ గారూ, మీరు చదువుకున్నోళ్ళు, మీతో వాదించేంతోణ్ణి కాను," అన్నాడు. "ఎండలో పత్తి ఏరే పిల్లల్ని తీసుకొచ్చి నీడపట్టున కూర్చోబెట్టాను. అది తప్పంటే చెప్పండి, రేపే ఎండలోకి పంపేస్తా."

తరువాత డాక్టరు సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రతి పిల్లకూ పదిహేను నిండినట్లు ఒకే చేతిరాతతో, ఒకే రోజున ధ్రువీకరించి ఉంది. అధికారి వాటిని తిరగేసి, తూకంగా ఉన్నాయని తృప్తిపడి, మా కాగితాలేవని అడిగాడు. మా దగ్గర లేవు. విచారణ వాయిదా పడింది. మెట్లు దిగుతూ ఆమె నా అభిప్రాయం అడిగింది.

"వాళ్ళ దగ్గర కాగితం ఉందండీ. మన దగ్గర ఏముంది?"

"పళ్ళు."

"పళ్ళను ఫైలులో పెట్టలేం కదండీ."

"అదే మన దరిద్రం," అంది.

తరువాతి వారం పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడదామని ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్ళాం. పొద్దున్నే అందరూ పనుల్లోకి పోతున్నారు, మాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. చేసేది లేక తిరుగు బస్సు ఎక్కాం. మిల్లు వేళకు పోయే ఎర్రబస్సు అది. ఆ ఊరి పిల్లల్ని మిల్లుకు తోలుకుపోయే మేస్త్రీ కోటయ్య అందులోనే ఉన్నాడు. నాగమణికి తాత కూడా ఆయనే. నాగమణి కిటికీ పక్కన కూర్చొని దారిలోని దుకాణాల బోర్డులు పైకి చదువుతోంది. 'ఎరువులు' అని ఉన్న చోట 'ఎరుపులు' అని చదివింది.

కండక్టరు టిక్కెట్లు కొడుతూ వచ్చాడు.

"ఏం కోటయ్యా, ఇవాళన్నా మనసు మారిందా?"

"మారటానికేముందయ్యా. నాకు ఫుల్లు, పిల్లలందరికీ అరలు."

పన్నెండు నిండనివాళ్ళకే అర టిక్కెట్టు. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. "ఆ చివర నుంచున్న పిల్లకి అరేంది? దాని జడ నా బెల్టు కన్నా పొడుగుంది."

"జడకి కొడతావా టిక్కెట్టు, మనిషికి కొడతావా?"

బస్సంతా నవ్వింది.

"పోనీ ఈ కిటికీ పిల్ల?"

"అది నా మనవరాలయ్యా. దివిసీమ ఉప్పెనకి నెల పిల్ల. గాలికి ఇంటికప్పు లేచిపోతే మంచం కింద దాచుకున్నాం. ఇంకా పన్నెండు నిండలా దానికి. రోజూ చెప్పాల్నా నీకు? కావాలంటే ఈ బస్సులో మా ఊరోళ్ళనడుగు."

ఊరివాళ్ళు అవునన్నారు. ఒకామె ఆ కప్పు ఎవరి దొడ్లో పడిందో కూడా చెప్పింది. మా మేడమ్ నోటిదాకా వచ్చిన వేరుశెనక్కాయను మళ్ళీ సంచిలో వేసింది.

"మాష్టారూ, విన్నారా?"

"విన్నాను. అది సాక్ష్యం కాదండీ, బేరం."

"బేరమే. అందుకే నిజం చెబుతున్నాడు."

రెండో విచారణకు ఆ కండక్టరు మా తరఫు సాక్షిగా ఖాకీ బట్టలతో, భుజాన తోలుసంచితో వచ్చాడు. మిల్లు తరఫున కోటయ్య కూడా వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. యజమాని ఏమి చెబితే దానికి తల ఊపడానికి వచ్చినవాడు.

"నాకు రోజూ ఇదే గొడవండి," అన్నాడు కండక్టరు అధికారితో. "ఈయన అరంటాడు, నేను ఫుల్లంటాను. ఆఖరికి ఆయనదే నెగ్గుద్ది. ఊరంతా ఆయన పక్కే."

యజమాని చిరునవ్వు నవ్వాడు. "అయ్యా, అది బస్సు డబ్బులు మిగుల్చుకోటానికి చెప్పిన అబద్ధమండి. కూలోళ్ళు గదా, ఆ మాత్రం ఉంటుంది. మనం పట్టించుకోకూడదు."

అధికారి కోటయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, బస్సులో అబద్ధం చెబుతున్నావా?"

అంతవరకూ గోడకు ఆనుకొని ఉన్న కోటయ్య గోడను వదిలాడు.

"ఎవురండీ అబద్ధం చెప్పింది? ఊరోళ్ళందరి ముందరా చెబుతున్నా రోజూ. నేను బస్సోడి సొమ్ము తిన్నానంటారా?"

"మరి ఈ సర్టిఫికెట్లలో పదిహేను నిండాయని ఉందే."

"అయ్యి నేను చెప్పినయ్యి కాదండి. అయ్యగారు రాయించుకున్నారు. నన్నడిగితే గందా నేను చెప్పేది."

"కోటయ్యా," అన్నాడు యజమాని, "నువ్వేం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది బాబూ. మీ ఉప్పు తిన్నాను, కాదన్లా. కానీ నన్ను దొంగ టిక్కెట్టోణ్ణి చేస్తే మాత్రం రేపు ఆ బస్సు ఎట్టా ఎక్కాల?"

అని, పరువు దక్కించుకొనే పట్టుదలతో ఒక్కొక్క పిల్లా ఎప్పుడు పుట్టిందో వరసగా చెప్పుకొచ్చాడు. ఒకతె ఊళ్ళోకి కరెంటు వచ్చిన ఏడు. ఇంకొకతె వాళ్ళ బర్రె పాము కరిచి చచ్చిన నెల. జడ పిల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"దానికి మాత్రం పదమూడండి. ఆ ఒక్కదాని తేడా కట్టేస్తాను."

అధికారి అంతా రాసుకున్నాడు. విచారణ జరిగినంత సేపూ మా మేడమ్ గొడుగు పిడి మీద గడ్డం ఆనించి వింటూ కూర్చుంది. బయటికి వచ్చిన తరువాత కోటయ్యకు గుప్పెడు వేరుశెనక్కాయలు ఇచ్చింది. తాను యజమాని కొంప ముంచానని ఆయనకు అప్పటికి తోచినట్లు లేదు. ఒలుచుకొని తిన్నాడు.

పిల్లలను మిల్లు నుంచి తొలగించవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. జరిమానా కూడా వేశారు. అది ఆ మిల్లులో రోజూ గాలికి ఎగిరిపోయే కారం కన్నా తక్కువే అయి ఉంటుంది. పిల్లలు మరునాటినుంచి చేలల్లో మిరపకాయలు కొయ్యడానికి వెళ్ళారు. చేలకు ఫ్యాక్టరీల చట్టం వర్తించదు. రేపే ఎండలోకి పంపేస్తానన్న యజమాని మాట ఆ విధంగా అక్షరాలా నెరవేరింది. కేంద్రం నివేదికకు నేను 'విముక్తి పొందిన బాలికలు' అని ఒక పట్టిక కట్టి తీసుకుపోయాను. ఆమె చూసి, దాని పక్కన ఇంకొక గడి గీయమంది.

"శీర్షిక ఏమని పెట్టమంటారు?"

"'తరవాత' అని."

గీశాను. ఆ నిలువు గడి అంతా తెల్లగా ఉంది. ఆమె దాని వంక చాలా సేపు చూసి, "ఒక్క చోటయినా నింపకపోతే దీనిమీద సంతకం పెట్టను," అంది.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. కోటయ్య మంచం వాల్చి కూర్చోబెట్టాడు గాని, మాట వినే ధోరణిలో లేడు.

"మిల్లు మాన్పించావు. ఇప్పుడు పిల్లని కూడా తీసుకుపోతానంటే ఎట్టా తల్లీ?"

"గుంటూర్లో ఆడపిల్లల హాస్టలుంది. తిండీ బట్టా వాళ్ళే చూస్తారు."

"మా ఇంట్లో తిండి లేకనా?"

"తిండి కోసం కాదు కోటయ్యగారూ. బస్సులో బోర్డులు చదువుతుంది గదా మీ మనవరాలు. అన్నీ తప్పులే చదువుతోంది."

కోటయ్య నిటారుగా కూర్చున్నాడు. "తప్పులా?"

"తప్పులే. పైకి చదువుతోంది. మీ ఊరోళ్ళు వింటున్నారు."

ఆయన నాగమణి వంక చూశాడు. నాగమణి తల వంచుకుంది. బస్సులో పరువు ఆయనకు ఎంత ముఖ్యమో మా మేడమ్‌కు తెలుసు. చట్టం పుస్తకంలోని ఏ సెక్షనూ సాధించలేనిది ఆ మాట సాధించింది. జూన్‌లో ఆయనే పిల్లను వెంటబెట్టుకొని వచ్చాడు.

బడిలో హెడ్మిస్ట్రెస్ దరఖాస్తు నింపుతూ పుట్టిన తేదీ దగ్గర ఆగింది.

"దివిసీమ ఉప్పెనకి నెల పిల్లండి," అన్నాడు కోటయ్య.

"తేదీ కావాలండీ. తేదీ, నెల, సంవత్సరం. మూడూ ఉండాలి."

నేను లెక్క కట్టాను. ఉప్పెన వచ్చింది నవంబరులో. నెల తీసివేస్తే అక్టోబరు. అంతకు మించి ఏదీ రుజువు కాదు. ఆ మాటే చెప్పాను. నెలతో సరిపెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మా మేడమ్ నా వైపు తిరిగింది.

"మాష్టారూ, మీ జూలై ఒకటి ఈ పిల్లకు ఇద్దురూ. మీకెలాగూ వాడకం లేదుగా."

"మూడు నెలలకు పైగా తేడా వస్తుందండీ. తప్పుడు తేదీ అవుతుంది."

"అయితే? మీరు తప్పుడు మనిషయ్యారా?"

హెడ్మిస్ట్రెస్ ఉప్పెన సంవత్సరం వేసి, ముందు జూలై ఒకటి వేసి, నాగమణిని నాలుగో తరగతిలో చేర్చుకుంది. ఇతరుల అసలు వయసు కోసం దంతాలు లెక్కబెట్టిన మనిషి ఇంత తేలికగా తేదీ పంచిపెట్టడం నాకు చాలా రోజులు మింగుడు పడలేదు. ఆమె ఇచ్చినది నాది ఒక్కటే కాదని, తనది కూడానని ఇప్పుడు గదా తెలిసింది.

దసరా సెలవులకు నాగమణిని తీసుకుపోవడానికి కోటయ్య వచ్చాడు. అదే వైపు పని ఉండి మేము కూడా అదే బస్సు ఎక్కాం. అదే కండక్టరు. నాగమణి కిటికీ పక్కన కూర్చొని ఎరువులను ఎరువులనే చదివింది. కోటయ్య చుట్టూ చూసి, అందరూ విన్నారని నిర్ధారించుకొని, కండక్టరుతో అన్నాడు:

"నాకు ఫుల్లు, పిల్లకి అర."

"తాతా, నాకు కూడా ఫుల్లే."

"అదేందే?"

"నాకు పన్నెండు నిండాయి."

"ఎప్పుడు నిండాయే?"

"జూలై ఒకటిన. బళ్ళో రాశారుగా. ఆ రోజు మా క్లాసులో చప్పట్లు కూడా కొట్టారు."

"నువ్వు పుట్టినప్పుడు బళ్ళో ఉన్నావా, ఇంట్లో ఉన్నావా?" కోటయ్య లేచి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు. "అదుగో చూడు పత్తి. పగిలిందా? పత్తి పగిలినాక గందే మీ అమ్మకి నొప్పులొచ్చింది. ఇంకా పగల్లా."

బస్సులోని వాళ్ళందరూ వంగి చేల వైపు చూశారు. పత్తికాయలు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటి కూడా పగలలేదు. కోటయ్య చెబుతున్నది అక్షరాలా నిజం.

కండక్టరు తల గోక్కున్నాడు. "మేడమ్ గారూ, మీరు చెప్పండి. అరా, ఫుల్లా?"

ఆమె గొడుగుతో నన్ను చూపింది. "ఆయన్నడగండి. తేదీ ఆయనది."

అందరూ నా వైపు తిరిగారు. నాగమణి కూడా తిరిగింది. ఆ పిల్ల ముఖంలో బతిమాలడం లేదు. తన పుట్టినరోజు ఏదో నాకు తెలిసే ఉంటుందన్న భరోసా ఉంది.

"రికార్డు ప్రకారం," అన్నాను, "ఫుల్లు."

కండక్టరు టిక్కెట్టు చింపి పిల్ల చేతిలోనే పెట్టాడు. నాగమణి దాని మీద ఉన్నదంతా ఒక్క తప్పు లేకుండా పైకి చదివింది. కోటయ్య డబ్బు ఇచ్చి, పగలని పత్తి వైపు ముఖం తిప్పుకున్నాడు.

"బడికి పంపితే బస్సోడు బాగుపడ్డాడు," అన్నాడు.

మా మేడమ్ నవ్వింది. ఇంతమంది పిల్లల్ని నవ్వించిన మనిషి నోరంతా తెరిచి నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు. నేను ఎదుటి సీటులోనే ఉన్నాను, పళ్ళన్నీ స్పష్టంగా కనిపించాయి. లెక్కపెట్టాలని తోచలేదు. తోచి ఉంటే, పోయిన వారం పత్రికలో వేసిన అంకె సంగతి ఈపాటికి తేలిపోయేది.